మొత్తం పళ్లకి ఇంప్లాంట్లు: రెండు సెలవులు లెక్కేసుకోండి

ఈ వారం పళ్ల గురించి. ఒకటి రెండు పళ్లు కాదండి, దవడ మొత్తం పాడైపోతే ఇంప్లాంట్లు వేసి పళ్ల వరస బిగిస్తారు కదా, దాని గురించి. నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చదివి సైట్లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. కింది దవడకి ఈ పని చేయించుకున్నాను కాబట్టి, నాకు జరిగింది, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెబుతాను.

అందరూ అడిగేది ఒకటే: "నెల సెలవుంది, ఊరెళ్లి చేయించుకుని వచ్చేయొచ్చా?" ఒమన్ చట్టం ప్రకారం మనకి ఏడాదికి కనీసం 30 రోజుల సెలవు. డెంటల్ ఆసుపత్రి బోర్డు మీద "ఒక్కరోజులో పళ్లు" అని ఉంటుంది. చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ ఒక్కరోజులో వచ్చేవి తాత్కాలిక పళ్లు. అసలు పళ్లు రావడానికి నెలలు పడుతుంది.

ఇంప్లాంట్ అంటే టైటానియం స్క్రూ. టైటానియం ఎముకకి పట్టేస్తుందని 1952లో స్వీడన్ డాక్టర్ బ్రానెమార్క్ కుందేళ్ల మీద ప్రయోగాల్లో గమనించాడు. 1965లో మొదటిసారి మనిషికి వేశాడు. పళ్లకి 14 స్క్రూలు అక్కర్లేదు. దవడకి నాలుగు నుంచి ఆరు వేసి, వాటి మీద మొత్తం వరస బిగిస్తారు. వెనక రెండూ ఏటవాలుగా వేస్తారు. కింద నరానికి, పైన ముక్కు పక్కనుండే గాలి గదికి తగలకుండా అలా చేస్తారు.

ఆపరేషన్ రోజు మత్తు సూది ఇస్తారు. భయం ఎక్కువుంటే నిద్రమత్తు కూడా ఇస్తారు. మిగిలిన పళ్లు తీసి, ఎముక చదును చేసి, రంధ్రాలు వేస్తారు. డ్రిల్ మీద నీళ్లు పోస్తూనే ఉంటారు. మనం కోర్ కటింగ్ చేసేటప్పుడు పోసినట్టే. ఎముక వేడెక్కితే చచ్చిపోతుంది, అందుకు. నొప్పి తెలియదు గానీ అదురు, లాగుడు బాగా తెలుస్తాయి. దవడకి రెండు మూడు గంటలు పట్టొచ్చు. చివర్లో టార్క్ రెంచ్‌తో బిగించి చూస్తారు. బిగువు చాలితే అదే రోజో రెండు మూడు రోజుల్లోనో తాత్కాలిక ప్లాస్టిక్ వరస పెడతారు. ఎముక మెత్తగా ఉండి బిగువు రాకపోతే స్క్రూలు చిగురు కింద మూసేసి, తీసి పెట్టుకునే పళ్ల సెట్ ఇస్తారు. అప్పుడు మోసం చేశారనుకోవద్దు. బిగువు లేనిదాని మీద బరువు పెట్టకపోవడమే మంచి పని.

తర్వాత వాపు. రెండో రోజు, మూడో రోజు బాగా పెరుగుతుంది. మొహం గుమ్మడికాయలా అవుతుంది, గడ్డం కింద నీలంగా కమిలిపోతుంది. మొదటి రెండు రోజులు ఐసు పెట్టుకోవాలి, తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. మొదటి రోజు పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. మరునాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లతో మెల్లగా. వారం పది రోజుల్లో వాపు దిగుతుంది, కుట్లు తీస్తారు. వాపు తగ్గి మళ్లీ పెరిగినా, జ్వరం, చీము వచ్చినా, మత్తు దిగాక కూడా పెదవి మొద్దుబారే ఉన్నా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు వారాలయ్యేసరికి నొప్పి పోతుంది. మనకి బాగైపోయినట్టే ఉంటుంది. కానీ మొదటి రోజు స్క్రూని పట్టుకున్న పాత ఎముక కొంత కరుగుతూ ఉంటుంది, కొత్త ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. సుమారు మూడో నాలుగో వారంలో పట్టు అన్నిటికంటే తక్కువ. అంటే, సరిగ్గా మనం సెలవైపోయి విమానం ఎక్కే రోజులు! స్లాబ్ పైన ఆరిపోయి కనపడిందని ప్రాప్స్ తీసేస్తామా? ఇదీ అంతే. కింది దవడకి సుమారు మూడు నెలలు, పై దవడకి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాకే శాశ్వత పళ్లకి కొలతలు తీస్తారు.

కాబట్టి రెండు సెలవులు లెక్కేసుకోండి. మొదటి సెలవులో దిగిన వారంలోపే ఆపరేషన్ పెట్టుకోండి. అప్పుడు కుట్లు తీసి, మళ్లీ ఒకసారి చూపించుకునే టైం ఉంటుంది. రెండో సెలవులో శాశ్వత పళ్లు. కంపెనీతో ముందే మాట్లాడి సెలవుని రెండు ముక్కలు చేయించుకోగలిగితే ఇంకా మంచిది. పై దవడకి ఎముక పోసే పని చేస్తే, విమానం ఎప్పుడెక్కొచ్చో డాక్టర్‌నే అడగండి.

తిరిగొచ్చాక క్యాంపులోనే జాగ్రత్త కావాలి. రెండు మూడు నెలలు మెత్తటి తిండే. జావ, పప్పన్నం, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప. ఎండిన ఖుబూస్, మటన్ ఎముక, వేరుశెనక్కాయలు వద్దు. హెల్మెట్ గడ్డం పట్టీ దవడని నొక్కుతుంది. ఎత్తు మీద పట్టీ విప్పి పనిచేయకూడదు. అందుకని మొదటి వారాల్లో కింద పని ఇమ్మని ఫోర్‌మన్‌ని అడగండి. సిగరెట్టు, ఖైనీ మానేయాలి. పొగ ఎముక పట్టుని చెడగొడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలల షుగర్ పరీక్ష చేయించి, అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టండి. రక్తం పలచబడే మాత్రలు, ఎముకల మందులు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

ఊరి నుంచి వచ్చేటప్పుడు మూడు కాగితాలు తెచ్చుకోండి: ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న కార్డు, స్కాన్ ఫైలు, మందుల చీటీ. ఇక్కడ స్క్రూ వదులైతే రువీలో డాక్టర్‌కైనా ఏ కంపెనీదో తెలియాలి, ఒక్కో కంపెనీకి ఒక్కో కీ. ఇక ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు గల్ఫ్‌లో నియంత్రణలో ఉంటాయి. వేరే మాత్ర రాయమని అక్కడే అడగండి.

డబ్బు సంగతి. చెప్పిన రేటులో తాత్కాలిక పళ్లు, శాశ్వత పళ్లు, విరిగితే బాగుచేయడం, స్క్రూ ఎముకకి పట్టకపోతే మళ్లీ వేయడం, ఇవన్నీ ఉన్నాయో లేదో రాయించుకోండి. అంత పెట్టలేకపోతే అప్పు చేయకండి. కింది దవడకి రెండే ఇంప్లాంట్లు వేసి, వాటి మీద క్లిప్పులా పట్టుకునే, తీసి పెట్టుకునే సెట్ ఉంది. కింద పళ్లేమీ లేనివాళ్లకి ముందు దాన్నే చూడాలని 2002లో కెనడాలో కూర్చున్న నిపుణులే చెప్పారు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. డబ్బు కట్టే ముందు అక్కడ కూడా ఒకసారి చూపించుకోండి. అసలు తీయాల్సిన పళ్లు ఎన్నో, నిలబెట్టగలిగేవి ఎన్నో రెండో డాక్టర్ నోట కూడా వినండి.

టికెట్ బుక్ చేసే ముందే ఫోన్లో డాక్టర్‌ని అడగండి: "నాకు రెండో సెలవు ఎప్పుడు కావాలి?" నెలలు లెక్కేసి చెప్పే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "అక్కర్లేదు, అన్నీ ఒకే ట్రిప్పులో అయిపోతాయి" అంటే ఇంకో డాక్టర్‌ని చూసుకోండి. ఉంటానండి, వచ్చే వారం కలుద్దాం.