బొగ్గుట్ట ఫొటోలో గూడెం కూడా ఉండాలె



రేపు పొద్దున్నే కెమెరాలు, ఫోన్లు పట్టుకొని ఇల్లెందు గనులు చూడ పోతున్నం. పోయే ముందు నాలుగు మాటలు చెప్తా, వినుండ్రి.

ఇల్లెందును మన పెద్దోళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటరు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ‘కనుగొన్నాడు’ అని రాసుకున్నరు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ పేరు కూడా అక్కడి ఒక ఊరిదే. ఊరి పేరు కంపెనీకి పోయింది. మరి ఆ అడవిలో బతికిన కోయ గూడేల పేర్లు ఈ తేదీల పక్కన ఎక్కడైనా కనపడ్డయా?

మీరు గని మొఖం తీస్తరు, పాత యంత్రాలు తీస్తరు, మసి పట్టిన చేతులు తీస్తరు. తీయండి. కార్మికుల చెమట మనకు పరాయిది కాదు. కానీ అక్కడికే ఆగొద్దు. గని చుట్టుపక్కల గూడేలకు కూడా పోదాం. పాత బావి, బొందలగడ్డ, వేల్పులు ఉండే చోటు చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో, 13వ నియమం ఇట్లాంటి బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలను సాక్ష్యంగా ఒప్పుకుంటది. పెద్దల మాటను రాసిపెడితే అదీ సాక్ష్యమే. ఒక్క ఫొటోతోనే పట్టా రాదు, నిజమే. కానీ రేపు ఓపెన్‌కాస్ట్ వచ్చి బావిని మింగినంక, ‘ఇక్కడ బావి ఉండె’ అని గ్రామసభలో దేన్ని చూపిస్తం?

అందుకే కొన్ని పద్ధతులు పెట్టుకుందాం. మనుషుల ఫొటో అడిగి తీయాలె. వేల్పుల చోట పెద్దలు వద్దంటే కెమెరా సంచిలో పెట్టాలె. ప్రతి ఫొటోకు తేదీ, గూడెం పేరు, చెప్పిన పెద్దమనిషి పేరు నోటుబుక్కులో రాయాలె. ఆ పేరు బయట పెట్టాలంటే మళ్ల వాళ్లనే అడగాలె. వాట్సాప్‌లో పంపితే ఫొటో కుదించుకుపోతది, తీసిన వివరాలు పోతయి. అసలు ఫైలు దాచుకోండి.

ఇంకోటి, కంచె దాటొద్దు. పాత గనుల మీద నేల కుంగుతది, ఓపెన్‌కాస్ట్ అంచు జారుతది. ప్రాణం కంటే ఫొటో ఎక్కువ కాదు.

సాయంత్రం తిరిగొచ్చినంక అందరం కూర్చొని ఫొటోలు చూద్దాం. ఎన్ని లైకులొస్తయని నేను అడగ. ప్రతి ఫొటో చూపించి ఒక్కటే అడుగుత: ‘ఇది ఏ గూడెం?’

జవాబు చెప్పేటట్టు రాండ్రి. జై ఆదివాసీ!