భూమి ఇచ్చినాయన పేరుంది, అడిగినోళ్ల పేర్లేవి?
(యాప్రాల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన యాప్రాల్ చేలల్లో అపార్టుమెంట్లు లేచినయి. వాటిల్లో ఉండేటోళ్లు ఆదివారం కార్లేసుకొని పల్లెటూరు చూడ పోతున్నరు. ఎక్కువమంది పోయేది పోచంపల్లికి. చిటికి చీరలు కొంటరు, మగ్గాలు చూస్తరు, వినోబా మందిరం ముందు ఫొటో దిగుతరు. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అది నేతన్నల చేతిపనికి దక్కిన గౌరవం, మేం కాదనం.

అయితే ఆ ఊరి పేరు ముందు 'భూదాన్' ఎట్ల చేరింది? 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడి దళితవాడకు పోయిండు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తున్న రోజులవి, దొరలకు నిద్రలేని రోజులు. బతకనీకి భూమి కావాలని మనోళ్లు అడిగిన్రు. ఎంత అంటే లెక్కగట్టి చెప్పిన్రు: 40 ఎకరాలు తరి, 40 ఎకరాలు ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. ఇచ్చినాయన దాత అయిండు, వినోబాకు మందిరం అయింది. అడిగినోళ్లు 'హరిజనులు' అన్న ఒక్క మాటల కలిసిపోయిన్రు. వాళ్లు నోరు తెరవకుంటే ఆ దానమెక్కడిది?

టూరిజం మీద మాకు పగ లేదు. చూడొచ్చినోళ్లు వాడకు గూడ రావాలె. ఆ కథ వాడ పిల్లలే చెప్పాలె, గైడు కూలి వాళ్లకే ముట్టాలె. ఇప్పుడైతే ఏ ఊళ్ల చూసినా పెద్దమనుషుల స్వాగతానికే మన డప్పు. మంట మీద కాచి చేతులు పడిపోయేదాక కొడితే, శాలువ కప్పి పంపుతరు. శాలువ ఉడకేస్తే బువ్వయితదా? ముందే మాట్లాడిన కూలి కావాలె.

ఇంకో పని ఉంది. 1965 నాటి భూదాన, గ్రామదాన చట్టం ఉంది, 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఆ 100 ఎకరాల సర్వే నంబర్లేవి, ఎవరెవరికి పట్టా అయింది, ఇయ్యాల ఎవరి సాగుల ఉన్నది? దరఖాస్తు పెట్టి అడుగుదాం. వచ్చిన జవాబును మందిరం పక్కన బోర్డు మీద రాయమందాం.

ఆనాడు పదేండ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనబై దాటినయి. వాళ్లున్నప్పుడే పోయి పేర్లు రాసుకోవాలె. యాప్రాల్‌ల గూడ అంతే, ఏ చేను ఎవరు దున్నిన్రో చెప్పే ముసలోళ్లు ఇంకా కొందరున్నరు. చదువొచ్చిన పిల్లలు ఈ రాత్రే నోటుబుక్కు పట్టుకొని వాళ్ల దగ్గర కూసోండి.