కంటికి కనబడని నొప్పి

విరిగిన కాలు కంటికి కనబడును, నొప్పి కనబడదు. సికిల్ సెల్ వ్యాధిలో ఎర్రకణములు కొడవలి రూపము దాల్చి, సన్నని రక్తనాళములకు అడ్డుపడుటచే ఎముకలలో తీవ్రమైన నొప్పి పుట్టును. 1995 నాటి చట్టము గుర్తించిన 7 వైకల్యములలో ఈ వ్యాధి లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో దీనికి చోటు లభించినది.

అయినను రోగము పేరు చెప్పినంత మాత్రమున చాలదు. పెక్కు సహాయములకు, వైకల్యము 40 శాతమునకు తక్కువ కాదని వైద్యాధికారులు ధ్రువపరుపవలెను. కావున నొప్పి వచ్చిన తేదీలు, ఆసుపత్రిలో గడిపిన దినములు, ఎక్కించిన రక్తము, పోయిన కూలి, ఆగిన చదువు వరుసగా వ్రాసి, ఆసుపత్రి చీటీలను జతపరుపవలెను. “చాల బాధగా నున్నది” అనుటకంటె “పది దినములు మంచము దిగలేదు” అనుట మేలు. నిర్ణయము సరికాదని తోచినచో 59వ సెక్షను క్రింద అప్పీలు చేసికొనవచ్చును.

నొప్పితో నున్నవారు ఈ లెక్క తామే వ్రాసికొనలేరు. ఇంటిలో చదువు వచ్చినవారు ఆ పనికి పూనుకొనవలెను.