గడువు దాటిన తర్వాత కూడా ఒక దారి ఉంది

(స్టేషన్ ఘనపూర్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ఆదాయపు పన్ను రిటర్నుకు అదనపు గడువు కోరుట. ఒక అనుభవం చెప్పి మొదలుపెడతాను.

నాతో ఒకే ఆఫీసులో పనిచేసిన మిత్రుడొకరు 2023 జూన్‌లో కాలం చేశారు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మును ఆయన ఫిక్సెడ్ డిపాజిట్లలో పెట్టుకున్నారు. 15హెచ్ ఫారం ఇవ్వడం మరచినందున ఆ ఏడు వడ్డీ మీద నూటికి పది చొప్పున పన్ను కోత పడింది. లెక్క కడితే ఆయన కట్టవలసిన పన్ను ఏమీ లేదు. కోసినదంతా వాపసు రావలసిందే. కాని రిటర్ను వేస్తేనే వస్తుంది.

2024 ఫిబ్రవరిలో ఆయన భార్య కాగితాల సంచి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. “అన్నా, ఆయన పోయిన దుఃఖంల మాకు జూలై గుర్తు లేదు, డిసెంబరు గుర్తు లేదు. జర గడువు ఇయ్యుమని ఒక అర్జీ రాసియ్యరాదు?” అన్నది. సర్వీసంతా అర్జీల మధ్య గడిపినవాణ్ణి, అయినా ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలుసుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

1961 ఆదాయపు పన్ను చట్టంలో ఒకప్పుడు అట్లాంటి అర్జీ ఉండేది. ఆరో నంబరు ఫారం నింపి ఇస్తే, కారణం సబబుగా ఉంటే అధికారి గడువు పొడిగించేవారు. 1980ల చివర జరిగిన సవరణలతో అది పోయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఏప్రిల్‌లో ఒక ఫారం పంపి అక్టోబరు దాకా గడువు తెచ్చుకుంటారు. పన్ను మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి. వాళ్లు ఫోనులో చెప్పింది విని ఇక్కడా అట్లే ఉంటుందని అనుకోవద్దు. మన దేశంలో ఇప్పుడు ఒక్క మనిషి కోసం ముందుగా గడువు పెంచే పద్ధతి లేదు.

పెంచితే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అందరికీ కలిపి పెంచుతుంది. కరోనా ఏడు 2019-20 ఆదాయపు రిటర్నులకు 2021 జనవరి 10 దాకా గడువు పొడిగింది. 2025లో జూలై 31ని సెప్టెంబరు 15కు, చివరి ఘడియలో 16కు మార్చారు. కాని 2022, 2023, 2024లలో మనవంటి వారికి ఒక్క రోజు కూడా పెంచలేదు. కనుక “ఈసారి కూడా పెంచుతరట” అనే మాట నమ్మి కూర్చోవద్దు. పింఛను, వడ్డీ మీద బతికే మనకు చట్టంలోని తేది జూలై 31.

జూలై దాటితే డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. మొత్తం ఆదాయం 5 లక్షలు దాటితే 5,000 రూపాయలు, లోపైతే 1,000 రూపాయలు రుసుము. పన్ను బాకీ ఉంటే నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీ. ఇంకో నష్టం చాలామందికి తెలియదు. తగ్గింపులున్న పాత పన్ను పద్ధతి కావాలంటే గడువులోపే రిటర్ను వేయాలి. ఆలస్యమైతే కొత్త పద్ధతిలోనే లెక్క.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను పడదని విని, రిటర్ను కూడా అక్కర లేదనుకుంటున్నారు. పన్ను లేకపోవడం వేరు, రిటర్ను అక్కర లేకపోవడం వేరు. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయవలసిందే. కోత సొమ్ము వాపసు కావాలన్నా వేయవలసిందే.

ఇక డిసెంబరు కూడా దాటిన మా చెల్లెమ్మ సంగతి. గడువు ముందు అర్జీకి చోటు లేదు గాని, గడువు తర్వాత ఉంది. దాని పేరు జాప్యం మన్నింపు దరఖాస్తు. 1961 చట్టంలో 119(2)(బి) సెక్షన్. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినవి. అంతకు ముందు సంవత్సరాల రిటర్నులకు పాత చట్టమే వర్తిస్తుంది. 2024 అక్టోబరు 1 నాటి బోర్డు సర్క్యులర్ ప్రకారం సంబంధిత అసెస్‌మెంటు సంవత్సరం ముగిసిన 5 ఏళ్లలోగా ఈ దరఖాస్తు పెట్టాలి. కోటి రూపాయల లోపు వాపసులను మన పరిధిలోని కమిషనర్ స్థాయిలోనే పరిశీలిస్తారు. వీలైనంతవరకు 6 నెలల్లో తేల్చాలని కూడా అందులో ఉంది.

దరఖాస్తులో ఏడుపు రాయనక్కర లేదు, తేదీలు రాయాలి. ఎప్పుడు జబ్బు, ఎప్పుడు ఆస్పత్రి, ఎప్పుడు మరణం, ఎప్పుడు కాగితం చేతికొచ్చింది. ప్రతి తేదీకి ఒక రుజువు జతపరచాలి. నిజమైన కష్టం ఉన్నదని, కోరిన వాపసు న్యాయమైనదని రెండూ కనిపించాలి.

చనిపోయిన వారి తరఫున వారసులు ముందుగా ఆదాయపు పన్ను పోర్టల్‌లో నమోదు కావాలి. మరణ ధ్రువపత్రం, ఇద్దరి పాన్ కార్డులు, వారసత్వ రుజువు కావాలి. ఆ రుజువుగా ప్రభుత్వం ఇచ్చిన కుటుంబ పింఛను పత్రం కూడా చెల్లుతుంది. ఇది మన కుటుంబాలకు పెద్ద వెసులుబాటు. ఇక ఆమెకు వచ్చే కుటుంబ పింఛను ఆమె సొంత ఆదాయం. దాని లెక్క ఆమె పేరున వేరుగా చూడాలి.

చిరునామా విషయం కూడా చూసుకోండి. మనది జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్, అటు భూపాలపల్లి జిల్లాలో ములుగు ఘనపూర్. 2016కు ముందు రెండూ వరంగల్ జిల్లాయే. పాత కార్డుల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. ఊరు, జిల్లా, పిన్‌కోడు, ఫోను నంబరు సరిచేయించండి. రిటర్ను వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించడం మరువవద్దు. ధ్రువీకరించని రిటర్ను సంతకం లేని అర్జీ వంటిది.

చెల్లెమ్మ దరఖాస్తుకు కొన్ని నెలలకు అనుమతి వచ్చింది. రిటర్ను వేసినాము, సొమ్ము ఆమె ఖాతాలో పడింది. ఇట్లా ఆలస్యంగా అడిగిన వాపసు మీద ప్రభుత్వం వడ్డీ ఇవ్వదు. అసలు వచ్చింది, అది చాలు. “ఇది ఆయన కష్టార్జితం అన్నా” అన్నదామె.

మిత్రులారా, ఆమెకు పాస్‌వర్డు తెలియదు, ఏ బ్యాంకులో ఎంత ఉందో తెలియదు. అసలు జాప్యం అక్కడ మొదలైంది. ఇంటికి పోయి ఒక నోటుపుస్తకంలో పాన్ నంబరు, పింఛను ఉత్తర్వు నంబరు, డిపాజిట్ల వివరాలు రాసి, ఎక్కడ పెట్టారో ఇంటావిడకు చూపండి. మన తర్వాత మనవాళ్లు అర్జీలు పట్టుకొని తిరుగకుండా ఉండాలంటే ఇది చేయాలి.