యుద్ధము వలదన్న విద్యార్థులు



భారతమున ఉద్యోగపర్వ మంతయు యుద్ధమునకు ముందు జరిగిన సంప్రదింపులే. రాయబారములు నడచినవి, సభలు తీరినవి, పెద్దలు హితము చెప్పిరి. 1939 సెప్టెంబరు 3వ తేదీన లిన్‌లిత్‌గో ప్రభువు మన దేశమును యుద్ధమున దింపినపు డట్టి సంప్రదింపు లేదు. ప్రజాప్రతినిధుల నడుగకయే వైస్రాయి ప్రకటన గావించెను. గృహస్థు నడుగక వాని గాదెలోని ధాన్యమును కొలిచి యిచ్చినట్లయ్యెను.

నాటి విద్యార్థుల నిరసనకు మూల మిదియే. వారు హిట్లరును మెచ్చి యుద్ధము వలదనలేదు. మమ్ము నడుగక మా పేర యుద్ధ మేల యనిరి.

1940 అక్టోబరు 17న వినోబా భావే పౌనారు గ్రామమున యుద్ధవిరుద్ధముగా ప్రసంగించి వ్యక్తిసత్యాగ్రహము నారంభించెను. ధనముచేగాని జనముచేగాని యుద్ధమునకు తోడ్పడరాదనుట దాని సారము. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానము, మఱునాడు నాయకుల నిర్బంధము జరుగగా, విద్యార్థులు దేశమంతట తరగతులు విడిచి వీధులకు వచ్చిరి. ఆగస్టు 12న తెనాలిలో జనసమూహము రైల్వేస్టేషనును దగ్ధ మొనర్చెను. పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించిరి. వారి స్మారకము రణరంగ చౌకున నేటికిని నిలిచియున్నది.

అయితే విద్యార్థు లందఱు నేకాభిప్రాయులు కారు. 1941 జూన్ 22న హిట్లరు రష్యాపై దండెత్తిన పిదప, కమ్యూనిస్టులు అంతవఱకు సామ్రాజ్యవాద యుద్ధమన్నదానినే ప్రజాయుద్ధమనిరి. కృష్ణామండలమున వారికి బలము మెండు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలివచ్చెను. శత్రువు వాకిట నుండగా పోరాడవలదా యని యొక పక్షము. స్వాతంత్ర్యము లేనివాడు దేనిని రక్షించుకొనునని వేఱొక పక్షము. రెండును తేలికగా త్రోసివేయదగిన మాటలు కావు.

శిలాస్మారకము త్యాగమును నిలుపును, వాదమును నిలుపజాలదు. కళాశాలలలో ఆగస్టు 15న జెండా నెగురవేసి వీరులకు జోహారు లర్పించుట యుచితమే. అంతతో తీరిపోదు. బందరు నోబుల్ కళాశాల 1843 నాటిది, అచ్చటి జాతీయ కళాశాల 1910 నాటిది, విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాల 1937 నాటిది. ఇట్టి విద్యాలయములలో ఆ యేండ్ల హాజరుపట్టీలు, శిక్షల పుస్తకములు మిగిలియున్నచో వెదకి తీసి, ఇరుపక్షముల కథయు నేటి విద్యార్థులచేతనే వ్రాయింపవలెను. వ్యాసుడు గెలిచినవారి మాటయే గాక ఓడినవారి మాటయు వ్రాసెను గదా!

మీ యిండ్ల అటకలపై ఆనాటి యుత్తరమో, జైలు కాగితమో యున్నచో చెదలపాలు చేయకుడు. మీ యూరి బడికి గొనిపోయి పిల్లలకు చూపుడు. మీ తండ్రులు, తాతలు ఏ పక్షమున నిలిచిరో, ఎందులకు నిలిచిరో యున్నదున్నట్లు చెప్పుడు. ప్రజల నడుగక యుద్ధమున దింపవచ్చునా యను ప్రశ్న యేనాటి విద్యార్థికైనను తెలిసియుండవలసినదే.