మన చివరి నల్లా కాడ పరీక్ష చెయ్యాలె



1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవ్‌దార్ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు ఆవు పేడ, మూత్రం పోసి ఆ చెరువును ‘శుద్ధి’ చేసిండ్రు. మనం అడిగే శుద్ధి వేరు.

జగిత్యాలైనా, కోరుట్లైనా, సిరిసిల్లైనా, నల్లా నీళ్లకు పటికతో మడ్డి దించి, ఇసుకలో వడగట్టి, క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. పైపుల పోయేకొద్దీ క్లోరిన్ తరుగుతది. పైపు చివరన ఉండేది తరచూ మన వాడే. మోరీలో పైపు పగిలి ఉంటే, నీళ్లు బందైనప్పుడు మురికిని లోపలికి గుంజుకుంటది. అందుకే చివరి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారత ప్రమాణం.

ట్యాంకు కాడ చేసిన పరీక్ష ఒక్కటే మనకు చాలదు. మన చివరి నల్లా కాడ, మన కళ్లముందు చెయ్యాలని గ్రామసభలో, మున్సిపాలిటీలో నిలదీద్దాం!