ఒంటి ఏనుగు, ఒంటరి అవ్వ

‘ఒంటి ఏనుగు దిగింది’ అంటే చాలు, పలమనేరు పల్లెల్లో ఆ రాత్రి నిద్ర ఉండదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. వాటి కోసమే 1990లో ఇక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. గుంపును నడిపేది పెద్ద ఆడ ఏనుగు. మగ గున్న ఈడుకొస్తే గుంపు విడవాల్సిందే. కొన్నాళ్లు ఒంటరిగా తిరిగి, తోటి మగ ఏనుగుల జత వెతుక్కుంటుంది.

మన ఇళ్లలోనూ పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. వాళ్లకక్కడ స్నేహాలు దొరుకుతాయి, సరే. ఇక్కడ మిగిలిన అవ్వ సంగతో? పాలకేంద్రంలో పాలు పోసేశాక కూడా ఖాళీ క్యాను పట్టుకుని నిలబడుతుంది. లెక్క కోసం కాదు, రెండు మాటల కోసం. పెద్దల మాటసాయానికి 14567 అనే ఉచిత ఫోన్ నంబరుంది. మీ వీధి అవ్వాతాతల ఇంటి గోడ మీద దాన్ని పెద్ద అంకెల్లో రాసిపెట్టండి. రాశాక కాసేపు కూర్చుని రండి.